నాలుగు వేళ్ళ ఎర్ర గీత

ఇంటి నుంచి

తమ్ముడికి అక్క చెప్పి రాయిస్తున్నది.

క్షేమమని రాయించడం లేదు. క్షేమం లేదని నీకు తెలుసు. ఫోను చేస్తే "అక్కా, సరిగ్గా వినపడటం లేదు" అంటావు, పెట్టేస్తావు. ఉత్తరాన్ని అలా పెట్టెయ్యలేవు కదా, అందుకని ఇది. రాస్తున్నది నీ కూతురే, నా కోడలు. చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను. మెత్తగా మార్చి రాస్తే మళ్ళీ మొదటినుంచి రాయిస్తానన్నాను. మధ్యమధ్య ముక్కు తుడుచుకుంటోంది. ఆ సంగతి కూడా రాయమన్నాను.

గోడకి ఆనించి కట్టిన పరంజా మొత్తానికి మొత్తం ఒరిగి కింద పడింది. ఇద్దరు తాపీ పనివాళ్ళు పోయారు. పరంజా కట్టించిన మేస్త్రి నా కొడుకు కనక వాణ్ణి తీసుకెళ్ళి లోపల వేశారు. బెయిలు ఇవ్వలేదు. ఇంతవరకు ఊరంతటికీ తెలుసు. తెలియనిది నీ ఒక్కడికే అన్నట్టు నువ్వు మొహం చాటేశావు.

కంపెనీ పెట్టిన లాయరు వాడికి నూరిపోస్తున్నాడట, "నా అజాగ్రత్త వల్లే జరిగింది అని ఒప్పుకో, తక్కువ శిక్షతో బయటపడతావు" అని. మా వెర్రివాడు తలూపుతున్నాడట. వచ్చే వాయిదాలో ఆ మాట జడ్జీ ముందు అనేస్తే ఇక జన్మకి వాడు ఇద్దర్ని చంపినవాడే.

వాడి నిదానం నీకు తెలుసు. చొక్కా బొత్తాలు కింద నుంచి పైదాకా పెట్టుకుని, మళ్ళీ పై నుంచి కిందదాకా తడిమి చూసుకునే రకం. బడికి వెళ్ళే రోజుల్లో దానికే ఆలస్యమయ్యేది, నేను వీపు మీద ఒకటి అంటించేదాన్ని. అలాంటివాడు చూసుకోకుండా మనుషుల్ని పైకి ఎక్కించాడంటే నేను నమ్మను.

నువ్వు ఆ కంపెనీకే యార్డు సూపర్వైజరువి. ఆ ఇనుమంతా నీ చేతి మీదుగా లారీ ఎక్కి ఇక్కడికి వచ్చింది. రాడ్లు ఊడాయంటున్నారు, బకిళ్ళంటున్నారు. నాకు ఒక్క ముక్క బోధపడలేదు. పసిపిల్లకి చెప్పినట్టు చెప్పు. ఆ పరంజా గోడని ఎందుకు వదిలేసింది?

వేలిముద్ర వేశాను.
అక్క

*

యార్డు నుంచి

అక్కకి నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. మొహం చాటెయ్యలేదు అక్కా, ఇక్కడ పని నన్ను కదలనివ్వడం లేదు. విచారణవాళ్ళు వచ్చి యార్డంతా తిరిగి వెళ్ళారు.

నువ్వడిగింది చెబుతాను. పరంజా ఎత్తు పెరిగిన కొద్దీ తనంతట తాను నిలబడలేదు, గోడని పట్టుకుని ఉండాలి. అందుకని అక్కడక్కడ గోడలో ఒక ఇనుప రాడ్డు దిగేస్తారు, పరంజా గొట్టాల నుంచి ఇంకో రాడ్డు ఎదురుగా వస్తుంది. వీటిని టై రాడ్లు అంటాం. ఆ రెంటినీ కలిపేది బకిలు. జానెడు గొట్టం, లోపలంతా మర. ఒక కొస కుడి చుట్టు, ఇంకో కొస ఎడమ చుట్టు. గొట్టాన్ని ఒక వైపుకి తిప్పితే రెండు రాడ్లూ లోపలికి వచ్చి పరంజా గోడకి దగ్గరగా బిగుస్తుంది, వెనక్కి తిప్పితే వదులవుతుంది. గోడ ఎక్కడా ఒకే తీరుగా ఉండదు కనక చోటుని బట్టి సర్దుకోవడానికి ఆ ఏర్పాటు.

ఆ రోజు పెద్ద గాలి వచ్చింది. పరంజాకి దుమ్ము పడకుండా పచ్చ వల కట్టి ఉంది, అది తెరచాపలా ఉబ్బి లాగింది. కొన్ని రాడ్లు బకిళ్ళలోంచి జారిపోయాయి. ఒకటి ఊడితే దాని బరువు పక్కదాని మీద పడుతుంది, తర్వాత ఆపడం ఎవరి తరమూ కాదు. రాడ్డు గొట్టంలోకి ఎంత పోయిందో చూసుకోవడం సైటులో మేస్త్రి పని. ఇది నేనంటున్న మాట కాదు, పద్ధతి. ఇక ఏ రకం సరుకు కొనాలన్నది పైవాళ్ళు తేలుస్తారు, నాకేం సంబంధం లేదు.

లాయరు అనుభవం ఉన్నవాడు. ఆయన మాట వినడమే మంచిది. నువ్వు ఆవేశపడి ఒంటి మీదకి తెచ్చుకోకు.

తమ్ముడు

అమ్మాయీ, ఈ కింది ముక్క అత్తకి చదవకు. ఆ రోజు పొద్దున "అంతా చూశాను, ఎక్కండి" అన్నది అల్లుడే. విన్నవాళ్ళున్నారు. ఎంత లాగితే అంత తెగుతుంది. అత్తని నువ్వే ఎలాగో సముదాయించు.

*

ఇంటి నుంచి

తమ్ముడికి.

నీ కూతురు మొత్తం చదివింది, చదవొద్దన్న ముక్కతో సహా. "నాన్న ఇది నీకు చదవొద్దన్నాడత్తా" అని ముందు చెప్పి, గొంతు సవరించుకుని మరీ చదివింది. కన్నది నువ్వు, ఏలుకుంటున్నది నేను. ఎవరి పోలిక వచ్చిందో ఆలోచించుకో.

మొన్న ఇద్దరం జైలుకి వెళ్ళాం. మనకీ వాళ్ళకీ మధ్య ఇనుప జల్లెడ లాంటిది ఉంటుంది, అవతల మొహం గళ్ళుగళ్ళుగా కనపడుతుంది. చిక్కిపోయాడు. మొగుడూ పెళ్ళాలు ఒకరి వేలు ఒకరు ఆ గళ్ళలోంచి తాకుతూ కూచున్నారు, నేను గోడ వైపు తిరిగాను. వచ్చేస్తుంటే వాడన్నాడు, "అమ్మా, మామని ఏమీ అడగకు" అని. ఒరే తమ్ముడూ, అప్పటిదాకా నేను నీ ఊసే ఎత్తలేదు. అడగని ప్రశ్నకి జవాబు ఎందుకొచ్చిందంటావు?

ఇంకో సంగతి. వీడి కింద పనిచేసే బక్కాయన వచ్చాడు. పరంజాతో పాటు పడ్డాడు, చెయ్యి విరిగింది, ప్రాణం మిగిలింది. మెడకి వేలాడేసుకున్న కట్టులో ఒక బకిలు పెట్టుకొచ్చాడు. "చంటిపిల్లలా మోసుకొచ్చాను పెద్దమ్మా" అన్నాడు. నవ్వబోయి మానేశాడు.

ఇదివరకు కిటికీ బకిళ్ళు వచ్చేవట. గొట్టం పక్కలు పొడుగ్గా తెరిచి ఉంటాయి, లోపలికి వచ్చిన రాడ్ల కొసలు రెండూ కళ్ళకి కనపడతాయి. ఈ సైటుకి మాత్రం అంతా మూసేసినవి వచ్చాయట. కుర్రాళ్ళు వాటికి గుడ్డి బకిళ్ళని పేరు పెట్టుకున్నారట. రెండు వైపులా రాడ్డు ముక్కలు పెట్టి ఇస్తే చాప మీద కూచుని నేనే తిప్పి చూశాను. గోడ వైపు రాడ్డు మొత్తం దిగిపోయింది, ఇంకో వైపుది కొస మాత్రం పట్టుకుంది. పై నుంచి చూస్తే రెండూ ఒకటే. లాగితే గట్టిగానే ఉంది. దూది పరుపులు కుట్టి నిన్ను పెంచిన దాన్ని కదా, సూది అడుగు గుడ్డలోకి దిగిందో లేదో కింద చెయ్యి పెట్టి చూసుకునేదాన్ని. దీని కింద ఎక్కడ చెయ్యి పెట్టమంటావు?

పైవాళ్ళు ఎంచారని రాశావు. బక్కాయనకి ఆ మాట చెబితే, "పైవాళ్ళు బకిలుని చేత్తో కూడా ముట్టుకోరు పెద్దమ్మా, నూనె అంటుతుందని" అన్నాడు. కిటికీవి మాన్పించి గుడ్డివి తెప్పించింది ఎవరు? నీళ్ళు నమలకుండా చెప్పు.

పోయిన ఇద్దరిలో ఒకడి తల్లి మా కొళాయికే వస్తుంది. నన్ను చూడగానే తన బిందె పక్కకి జరిపి చోటిస్తుంది. తిట్టినా బాగుండును.

అక్క

*

యార్డు నుంచి

అక్కకి.

నన్ను బోనులో నిలబెట్టి అడిగినట్టు రాయించావు. మధ్యలో రాసే పిల్ల నా కూతురన్నది కూడా చూడలేదు. సరే, విను. ఎంచింది నేనే.

ఎందుకు ఎంచానో కూడా విను. నీ కొడుకే అడిగాడు. "మామా, ఈ కిటికీ బకిళ్ళలోకి సిమెంటు నీళ్ళు కారి గడ్డకట్టేస్తున్నాయి. సుత్తితో బాదితే గానీ తిరగడం లేదు. బాదితే మర పాడవుతోంది. వేరేవి చూడు" అని ఫోనులో చెవి తినేశాడు. అబద్ధం కాదు, ఆ సైటు నుంచి తిరిగొచ్చినవి చూశాను, ఒక్కొక్కటీ రాయిలా ఉంది.

కొట్టువాడు మూడు రకాలు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ఒకటి కిటికీది, మనకి అలవాటైనదే. రెండోది మూసిన గొట్టమే గానీ రెండు వైపులా సన్నని బెజ్జం ఉంటుంది. అందులో తీగ గుచ్చితే అడ్డం తగలాలి, తగిలితే రాడ్డు అక్కడిదాకా వచ్చినట్టు. మూడోది పూర్తిగా మూసినది. వారం పాటు మూడిట్నీ బల్ల మీదే ఉంచుకుని తిప్పి తిప్పి చూశాను. ఆ బెజ్జం కూడా సిమెంటుతో పూడిపోతుంది, ఎక్కినవాడు జేబులో తీగ పెట్టుకుని తిరుగుతాడా అనుకున్నాను. మూసినవే ఖాయం చేశాను. బరువు పరీక్షలో అవే అన్నిటికంటే గట్టివి కూడా.

లోపల కనపడదు కనక దానికీ ఒక దారి పెట్టాను. ప్రతి రాడ్డుకీ యార్డులోనే కొస నుంచి నాలుగు వేళ్ళ మేర వదిలి ఎర్ర గీత వేయించాను. గీత బయటికి కనపడుతోందంటే రాడ్డు చాలినంత పోలేదని. గీత గొట్టంలోకి పోయి మాయమైతే చాలినట్టు. అక్షరం ముక్క రానివాళ్ళు కూడా చూసుకోవచ్చు, నువ్వైనా సరే. ఇంతకంటే నేనేం చెయ్యాలి? గీత బయట ఉండగానే ఎక్కమన్నవాడిది తప్పు గానీ గీత పెట్టినవాడిదా?

కోపంలో రాస్తున్నాను, తెలుసు. ఇక ఈ విషయం ఎత్తకు.

తమ్ముడు

*

ఇంటి నుంచి

యార్డు సూపర్వైజరు గారికి, అక్షరం ముక్క రాని ఆడమనిషి రాయించుకుంటున్నది.

ఎర్ర గీత సంగతి తెలియజేసినందుకు సంతోషం. మీరు చెప్పారు కదా అని గీత చూద్దామనుకున్నాను.

పడిపోయిన ఇనుమంతా సైటు వెనక కుప్ప పోసి కాపలా పెట్టారు. బక్కాయన కావలివాణ్ణి ఎలా బతిమాలాడో గానీ అందులోంచి ఒక రాడ్డు పట్టుకొచ్చాడు. ఇంకోటి వాళ్ళ ఇంట్లో బట్టలు ఆరేసుకునే పాత రాడ్డు, అదీ మీ యార్డుదే. రెండూ నా ముందు పక్కపక్కన పెట్టి, "చూడు పెద్దమ్మా" అని ఊరుకున్నాడు. ఏం చూడాలో చెప్పలేదు. చాలాసేపు ఇనుము మొహం చూస్తూ కూచున్నాను. రెంటికీ ఒక కొస కొక్కెం, ఇంకో కొస మర. రెంటికీ ఎర్ర గీత. నీ కూతురే ముందు పసిగట్టింది. "అత్తా, నీ వేళ్ళు పెట్టు" అంది.

పాతదానికి కొస నుంచి గీత దాకా నా నాలుగు వేళ్ళూ సరిగ్గా పట్టాయి. పడినదానికి రెండే పట్టాయి. ఈ మధ్య నా వేళ్ళు లావెక్కలేదు. దాని కొస తడిమితే అంచు గరుగ్గా గోరుకి తగిలింది. కోసిన కొస అది. గీత వేశాక కోశారు. కోశాక మళ్ళీ గీత వెయ్యలేదు.

ఇప్పుడు నేను చెప్పేది విను, గారూ గీరూ పక్కన పెట్టి. నా కొడుకు గీత చూశాడు. అది గొట్టంలోకి పోయింది. పోయింది కనకే ఎక్కమన్నాడు. గీత అబద్ధం చెప్పింది. రెండు వేళ్ళ మర పట్టుకుని అంత పరంజా వేలాడింది.

ఎవరు కోశారురా?

ఇది రాస్తూ రాస్తూ నీ కూతురు కలం ఆపేసింది. "రంపం మిషను సైటులో ఉండదత్తా. నాన్న యార్డులోనే ఉంటుంది. చిన్నప్పుడు దాని చప్పుడుకి చెవులు మూసుకుని నాన్న కాళ్ళ మధ్య దూరేదాన్ని" అంది. అది కూడా రాయమన్నాను. రాసింది.

వాయిదా దగ్గరికి వచ్చేస్తోంది. వాడు నోరు తెరిచి నేరం నెత్తినేసుకునే లోపు నాకు జవాబు కావాలి.

అక్క

*

యార్డు నుంచి

అక్కా,

కోయించింది నేనే.

ఆ భవనానికి ఒక వైపు గోడ ముందుకి పొడుచుకొచ్చి ఉంది. పరంజాకీ గోడకీ మధ్య ఎడం తక్కువైంది. గొట్టంలో రెండు రాడ్లూ ఎదురెదురుగా గుద్దుకుంటున్నాయి, ఇంకా బిగించడానికి చోటు లేదు, పొట్టివి పంపమని అల్లుడు కబురు చేశాడు. కొత్తవి రావాలంటే ఆలస్యమవుతుంది. ఉన్నవే కాస్త కోసి పంపమన్నాను. ఒక కొస కొక్కెం కనక కోస్తే మర ఉన్న కొసే కొయ్యాలి.

మళ్ళీ గీత వెయ్యాలని తోచలేదని రాస్తే నీకు కొంచెం తేలికగా ఉండేదేమో. తోచింది. రంగు డబ్బా మూత తీస్తే అంతా ఎండి అట్టకట్టి ఉంది. లారీ ఇంజను ఆన్ చేసి ఉంది, డ్రైవరు హారన్ కొడుతున్నాడు. వేరే మేస్త్రికి వెళ్ళే సరుకైతే ఆ లారీని ఆపేవాణ్ణి. వెళ్తున్నది మనవాడి దగ్గరికి. వాడి చూపు దాటి చీమ కూడా పోదు, ఎలాగూ ఒకటి విప్పి చూసుకుంటాడులే అనుకుని చెయ్యి ఊపేశాను. ఆ చెయ్యి ఊపడమే నాకు కళ్ళ ముందు మెదులుతోంది.

ఇంకోటి ఉంది. అదే కోతలో కొన్ని రాడ్లు మిగిలితే వేరే సైటుకి పంపాను. అక్కడ ఇంకా మనుషులు ఎక్కుతూ దిగుతూ ఉన్నారు. ఆపమని చెబితే ఎందుకని అడుగుతారు. అడిగితే మొత్తం బయటపడుతుంది. అందుకని పొద్దున లేచిన దగ్గర్నుంచీ ఆకాశం వంక చూస్తున్నాను, గాలి వస్తుందేమోనని.

నేను నోరు విప్పితే ఈ వయసులో లోపలికి పోతాను, తిరిగి వస్తానన్న నమ్మకం లేదు. విప్పకపోతే వాడు పోతాడు, కుర్రవాడు, కొన్నాళ్ళకి బయటికి వస్తాడు. ఏది న్యాయమో నాకు తెలియడం లేదు. అమ్మాయినే అడుగు అక్కా. ఎవరు కావాలో అది చెబితే అలాగే చేస్తాను.

తమ్ముడు

*

జైలు ఎదురు టీ దుకాణం నుంచి

ఒరే తమ్ముడూ,

ముందు ఆ రాడ్లు దింపించు. ఈ ఉత్తరం మిగతాది తర్వాత చదువుకో. ఇప్పుడే లే, చెప్పులు వేసుకో, ఆ సైటుకి వెళ్ళి పైన ఉన్నవాళ్ళని కిందకి పిలువు. ఎందుకని అడిగినవాడికి ఎందుకో చెప్పు.

వెళ్ళొచ్చావా? ఇక విను.

పొద్దున ఇక్కడికి వస్తూ ఎగిరి గంతేసినంత పని చేశాను. నా కొడుకు కడిగిన ముత్యమని తేలిపోయింది, ఆ సంగతి వాడి చెవిన వేసి, లాయరు మొహాన ఆ రాడ్డు కొట్టి వద్దామని వచ్చాను. జల్లెడ దగ్గర కూచుని, "మామ ఒప్పుకున్నాడురా, కోయించింది ఆయనే" అన్నాను. వాడి మొహంలో వెలుగు వస్తుందని చూశాను. రాలేదు.

"నాకు తెలుసమ్మా" అన్నాడు. లారీలోంచి దింపినప్పుడే చూశాడట, కొసలు కొత్తగా తళతళమంటున్నాయట. గీత కూడా ఎప్పటికంటే కొసకి దగ్గరగా ఉన్నట్టు అనిపించిందట. ఒకటి విప్పి కొలుద్దామని గొట్టం మీద చెయ్యి కూడా వేశాడట. "మామ పంపిన సరుకు కదా, ఆయన కొలవకుండా ఎందుకు పంపుతాడు, విప్పితే ఆయన్ని అనుమానించినట్టు ఉంటుంది అనుకున్నానమ్మా. ఇంకో యార్డుదైతే విప్పేవాణ్ణి" అన్నాడు.

జైలు బయటికి వచ్చి ఈ బల్ల మీద కూలబడ్డాను. నీ ఉత్తరం నా కొంగున ముడేసి ఉంది. నువ్వక్కడ లారీకి చెయ్యి ఊపినప్పుడు ఏమనుకున్నావో వాడిక్కడ గొట్టం మీద నుంచి చెయ్యి తీసినప్పుడూ అదే అనుకున్నాడు. నిన్ను నేనే పెంచాను, వాణ్ణి నేనే కన్నాను. మనవాళ్ళని అనుమానించకూడదని మీ ఇద్దరికీ నూరిపోసింది ఎవరో వేరే చెప్పాలా? పోయింది మాత్రం మనవాళ్ళు కారు. పరాయి తల్లుల కొడుకులు.

ఆ పిల్లని అడగమన్నావు, తండ్రి కావాలో మొగుడు కావాలో. అడగను. నోటికి వచ్చిందా ఆ మాట నీకు?

వాయిదా రోజుకి రా. నువ్వు చేసింది నువ్వు చెప్పు. వాడు చెయ్యనిది వాడు చెబుతాడు. లాయరు రాసిచ్చింది చిలకపలుకులా అప్పజెబితే నా శవం మీద చెయ్యి వెయ్యొద్దన్నాను. "సరేనమ్మా" అన్నాడు. అన్నాక, ఇన్నాళ్ళకి మొదటిసారి, చొక్కా బొత్తాలు తడిమి చూసుకున్నాడు.

అక్క

నాన్నా, అత్త టీ చల్లార్చుకుంటోంది. ఈ నాలుగు ముక్కలూ నావి. ఎవరు కావాలని నన్ను అడగమన్నావు. ఇద్దరూ కావాలి. అది కుదరదని తెలిసే అడిగావు. నేను ఎవర్ని ఎంచినా ఆ తర్వాత నాతో నేను ఎలా ఉండాలో కూడా చెప్పి అడగాల్సింది. రా నాన్నా. ఆయనకి దుప్పటి తెచ్చిన చేత్తోనే నీకూ తెస్తాను.

*

వేరే సైటు నుంచి

అక్కా,

దింపించాను. ఇంజనీరు నా మీద అంతెత్తున లేచాడు. పని ఆగితే ఎవడు జవాబు చెబుతాడన్నాడు. నేనే అన్నాను. పై నుంచి దిగినవాళ్ళు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు. ఒకడు "ముసలాయన తాగొచ్చినట్టున్నాడు" అన్నాడు, నాకు వినపడేలాగే.

మొదటి బకిలు నేనే విప్పాను. రాడ్డు నాలుగైదు చుట్లకే చేతిలోకి వచ్చేసింది. నన్ను తాగుబోతన్నవాడు దాన్ని నా చేతిలోంచి తీసుకుని, కొస చూసి, పైకి తాను నిలబడ్డ చోటు చూసి, పక్కకి వెళ్ళి వాంతి చేసుకున్నాడు. ఆ తర్వాత మిగతావి విప్పడానికి వాళ్ళే చేతులు వేశారు.

యార్డు తాళాలు ఇచ్చేశాను. కిటికీ లేనివి ఒక్కటి కూడా బయటికి పంపొద్దని చెప్పాను, వింటారో లేదో. వాయిదాకి ముందు రోజే వచ్చేస్తాను. బస్టాండుకి ఎవరూ రావద్దు. మీ ఇంటికి రాను. అమ్మాయి గుమ్మంలో నిలబడి ఉంటే మళ్ళీ వెనక్కి తిరిగిపోతానేమోనని భయం.

తమ్ముడు

*

ఇంటి నుంచి

తమ్ముడికీ కొడుక్కీ, ఇద్దరికీ కలిపి ఒకటే ఉత్తరం. ఒకే గదిలో ఉన్నారట కదా, కాగితం దండగ ఎందుకు?

జడ్జీ ముందు మీరిద్దరూ చెప్పింది నేను బల్ల చివర కూచుని విన్నాను. ఎవరూ ఎవర్నీ వెనకేసుకురాలేదు. శిక్ష చదివినప్పుడు మీ మామకి ఎక్కువా నీకు తక్కువా పడింది. కంపెనీ ఇంజనీరు గుమ్మం దగ్గర లాయరుతో చేతులు కలిపి కారెక్కి వెళ్ళిపోయాడు. "ఇద్దరు ఉద్యోగుల తప్పు, బంధువులు కూడాను" అన్నాడట ఎవరితోనో. ఆ మాట వినపడితే నేను ఊరుకునేదాన్ని కాదు. నీ పెళ్ళాం విని, నాకు ఇంటికొచ్చాక చెప్పింది. తెలివైనది.

మీరిద్దరూ ఒక గదిలో ఉండీ మాట్లాడుకోవడం లేదని వార్డరు అన్నాడు. ముసలాయన గోడ వైపు, కుర్రాయన తలుపు వైపు తిరిగి పడుకుంటారట. మాట్లాడుకోండి. ఒకడు ఇంకొకడి మొహంలోకి చూడటానికి మొహమాటపడితే ఏమైందో మీకే తెలుసు.

కొళాయి దగ్గర ఆవిడకి నేనే చెప్పాను. "అమ్మా, నా కొడుకూ నా తమ్ముడూ, ఇద్దరిలో ఎవరో ఒకరు విప్పి చూస్తే నీ బిడ్డ ఉండేవాడు. చూడలేదు" అన్నాను. ఆవిడ బిందె నిండేదాకా నిలబడింది, నిండి పొర్లుతున్నా నిలబడింది. తర్వాత ఎత్తుకుని వెళ్ళిపోయింది. అప్పట్నుంచి నన్ను చూసి బిందె జరపడం మానేసింది. నేనే జరుపుకుంటున్నాను.

దుప్పట్లు రెండూ పంపుతున్నాను. నేనే కుట్టాను. కళ్ళు ఆనడం లేదు, కుట్లు వంకరపోయి ఉంటాయి, కానీ ప్రతి కుట్టూ అడుగుదాకా దిగింది, చెయ్యి పెట్టి చూశాను.

బక్కాయన చెయ్యి అతుక్కుంది. పనిలోకి వెళ్తున్నాడు. తమ్ముడూ, నీ మాట విన్నారు, సైటుకి అన్నీ కిటికీ బకిళ్ళే వచ్చాయట. అవి మళ్ళీ సిమెంటు తాగి గడ్డకడుతున్నాయట. సాయంత్రం పని దిగాక ఇంటికి పోనివ్వకుండా ఒక్కొక్కడి చేతికీ మేకు ఇచ్చి గీకిస్తున్నారట. పరంజా మీద వరసగా కూచుని గీకుతూ, పేరుపేరునా మిమ్మల్నిద్దర్నీ తిడుతున్నారట కుర్రాళ్ళు. బక్కాయన చెప్పడానికి నీళ్ళు నమిలితే నేనే కూచోబెట్టి అడిగాను. ఏమని తిడుతున్నారో అది కూడా చెప్పమన్నాను. చెప్పాడు. బండబూతులు.

వరసగా అవి కూడా ఇందులో రాయమన్నాను. ఇన్ని ఉత్తరాల్లో మొదటిసారి ఈ పిల్ల రాయనని కలం కింద పెట్టేసింది.

అక్క, అమ్మ